అమ్మబోతే అడవి

"పాత ఇనప సామాన్లు కొంటాం, పాత పేపర్లు కొంటాం" అని వీధిలో కేక వినబడితే ఏ ఇల్లాలైనా డబ్బాలూ సీసాలూ ఏరుకుని గుమ్మంలోకి వస్తుంది. తెనాలిలో మా పిన్ని మాత్రం తలుపేసుకుంటుంది. ఆవిడ అటక మీద ఏముందో ఆ సామాన్లవాడికి ఒకసారి తెలిసిపోయింది మరి!

మా బాబాయికి ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, వినాయక చవితికీ సినిమా పాటలు పాడేవారు. పందిట్లో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మక్కూడా మాట స్పష్టంగా వినబడాలని ఆయన పంతం. ఆ పంతమంతా ఇప్పుడు అటకెక్కి కూర్చుంది. నాలుగు బూర స్పీకర్లు, మనిషంత పెట్టె స్పీకర్లు రెండు, వాల్వుల యాంప్లిఫయరు ఒకటి, తరవాత కొన్న ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయరు ఒకటి, మైకులు, స్టాండ్లు, గోనెసంచీడు వైర్లు, పాత చీర చుట్టిన ఎకో మిషను.

బాబాయి పోయి మూడేళ్ళయింది. ఇల్లు అద్దెకిచ్చి వచ్చెయ్యమని కొడుకు పోరుతున్నాడు. సామాన్లవాడు వచ్చి ఇనుముకింత, రాగికింత అని లెక్కగట్టి మొత్తం మూడు వేల రెండు వందలన్నాడు. పిన్ని నాకు ఫోను చేసింది.

"ఏమే, నువ్వు బి.ఏ.లో చరిత్ర చదివావు, నవలలు రాస్తున్నావు. వీటి ధర ఎంతుంటుందో ఆ మాత్రం చెప్పలేవూ?"

మా కాలేజీలో పానిపట్టు యుద్ధాలు మూడూ చెప్పారు గానీ పాత మైకుసెట్టు ధర చెప్పలేదు. ఆ మాటే అన్నాను. పిన్ని కాసేపు ఊరుకుని, "అది కాదే అమ్మాయ్, 1982లో ఈ ఎకో మిషను కోసం మీ బాబాయి నా గాజులు నాలుగూ తాకట్టు పెట్టాడు. మళ్ళీ విడిపించలేదు. నేనూ అడగలేదు. అవి దండగపడ్డాయో లేదో ఇప్పటికైనా తెలుసుకుందామని" అంది.

ఇక నవ్వులాటకి వీల్లేకపోయింది. నిజంగానే కూర్చుని, పాటగాళ్ళ పాత సామాన్లకి లోకంలో ఎవరెవరు ఎలా ధర కట్టారో చదవడం మొదలుపెట్టాను.

ముందుగా తూకం సంగతి. బరువును బట్టే ధర అయితే అందరికన్నా ధనవంతులు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బృందం వాళ్ళే అయివుండాలి. వాళ్ళ పంతమూ అచ్చం మా బాబాయి పంతమే. ఆఖరి వరస దాకా పాట చెక్కుచెదరకుండా వినబడాలి. అందుకోసం 1974 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒక హాల్లో, వేదిక వెనకాల స్పీకర్లతో మూడంతస్తుల గోడ కట్టేశారు. 'వాల్ ఆఫ్ సౌండ్', అంటే శబ్దాల గోడ అని దానికి పేరు. ఆరు వందలకు పైగా స్పీకర్లు, 75 టన్నుల బరువు! పాడేవాళ్ళ వెనకాలే ఉండడం వల్ల జనం వింటున్నదే వాళ్ళూ వినేవాళ్ళట.

బాగానే ఉంది గానీ, 75 టన్నుల్ని ఊరూరా తిప్పడం మాటలా? లారీలు, కూలీలు, విప్పడం, బిగించడం. దానికితోడు 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోతోంది. వచ్చిన డబ్బు గోడ మోతకే సరిపోయింది. ఆ ఏడాది అక్టోబరులోనే కచేరీలు ఆపి, గోడను విప్పేశారు. ముక్కలు కొన్ని అమ్మారు, కొన్ని తెలిసిన బృందాలకు ఊరికే ఇచ్చేశారు. ఏడు నెలలు నిలిచిన గోడ అలా చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోయింది.

ఇప్పుడు అసలు కథ వినండి. ఆ గోడకు పనిచేసిన మెకింతోష్ కంపెనీ యాంప్లిఫయరు ఒకటి, బృందంలో గిటారు వాయించిన జెర్రీ గార్సియాది, 2021 అక్టోబరులో సోత్‌బీ వారి వేలంలోకి వచ్చింది. బరువు సుమారు 58 కిలోలు. పలికిన ధర 3,78,000 డాలర్లు. మన సామాన్లవాడి పద్ధతిలో లెక్కేస్తే కిలో ఆరున్నర వేల డాలర్లు! అదే కంపెనీవాళ్ళు అదే రకంగా చేసిన మరో యంత్రం, ఎవరింట్లోనో పాటలు వినడానికి వాడినదైతే, అందులో చాలా చిన్న వంతు కూడా పలకదు. ఇనుమొకటే, రాగి ఒకటే. తేడా అంతా ఎవరి వెనకాల నిలబడిందన్నదే.

జ్ఞాపకానికి కట్టే ధర ఒక్కోసారి ఎంత విడ్డూరంగా ఉంటుందో చూడండి. లండన్‌లో బీటిల్స్ పాటలు రికార్డయిన అబీ రోడ్ స్టూడియోవారు 1980 అక్టోబరులో పాత సరంజామాను అమ్మకానికి పెట్టారు. నాలుగు ట్రాకుల రికార్డింగు యంత్రాలు, మైకులు, వాటితోపాటు ఒక టాయిలెట్ కాగితం చుట్టా! కాగితం మరీ గరుగ్గా, జారుడుగా ఉందని బీటిల్స్ వాళ్ళు విసుక్కున్నారట. ఆ తిరస్కరించిన చుట్టను ఎవరో మహానుభావుడు 85 పౌండ్లు పెట్టి కొనుక్కున్నాడు. మనం కాగితాలు కిలోల లెక్కన అమ్ముకునేవాళ్ళం, ఏమంటాం!

మనవాళ్ళకీ ఇలాంటివి లేకపోలేదు. పాత ఫోటోల్లో గాంధీగారి ముందో, నెహ్రూగారి ముందో ఉన్న మైకుకి 'చికాగో రేడియో' అన్న పలక చూసే ఉంటారు. చిన్నప్పుడు అదేదో అమెరికా కంపెనీ అనుకునేదాన్ని. కాదు, మనదేశపు మోట్వానే కుటుంబం వారిదే. ఆ పాత మైకుల్లో ఫలానాది నెహ్రూగారి ముందు నిలిచిందని రుజువుంటే మ్యూజియం వస్తువు. రుజువు లేకపోతే సంతలో వస్తువు.

ఇదంతా చెబితే పిన్ని నిట్టూర్చింది. "మీ బాబాయి బీటిల్సూ కాదు, నెహ్రూగారూ కాదు. ఆయన పాడింది తెనాలికి తెలుసు, నాకు తెలుసు. దానికెవడిస్తాడు డబ్బు?"

నిజమే. జ్ఞాపకం ధర కొనేవాడికి కూడా ఆ జ్ఞాపకం ఉన్నప్పుడే. మన జ్ఞాపకానికి పరాయివాణ్ణి డబ్బడిగితే వాడు మన ముఖంలోకి వింతగా చూస్తాడు. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే తూకానికీ జ్ఞాపకానికీ మధ్య మూడో ధర ఒకటుంది. అది పని ధర. వస్తువు ఇవాళ ఎవరికి, ఎందుకు పనికొస్తుందన్నది. దీని లెక్క వంటింటి లెక్కలాగే ఉంటుంది. షూర్ కంపెనీ ఎస్.ఎం. 58 అనే మైకు 1966లో వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. కాబట్టి పాతదాని ధర కొత్తదాని ధర దాటదు. సొట్టలెన్ని, గరగర ఉందా, అని చూసుకుని అందులోంచి తగ్గించుకుంటూ రావడమే. బజార్లో కొత్త కుక్కరు దొరుకుతుంటే పాత కుక్కరుకి ఎవరు ఎక్కువిస్తారు?

వాల్వుల యాంప్లిఫయరు దారి వేరు. ట్రాన్సిస్టర్లు వచ్చిన కొత్తలో గాజు బుడ్లవాటిని అందరూ చీదరించుకున్నారు. బరువు, వేడి, ఒక్క కుదుపుకి పగలడం. వచ్చిన ధరకి వదిలించుకున్నారు. తీరా చూస్తే, గట్టిగా వాయించినప్పుడు వాల్వు యంత్రం ధ్వనిని మెత్తగా గరుకుచేస్తుంది, ట్రాన్సిస్టరు యంత్రం ఉన్నట్టుండి బరబరమంటుంది. గిటారు వాయించేవాళ్ళకి ఆ మెత్తదనమే కావలసివచ్చింది. మళ్ళీ వెతుక్కుంటూ బయల్దేరారు. రోలు అటకెక్కించి మిక్సీ కొనుక్కుని, రోటిపచ్చడి కోసం మళ్ళీ రోలు దించుకున్నట్టు.

తయారుచేసినవాడికైనా తన వస్తువు విలువ ముందే తెలుస్తుందా అంటే, అదీ నమ్మకం లేదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ అనే ఆయన గిటార్లూ యాంప్లిఫయర్లూ చేసి జగత్ప్రసిద్ధుడయ్యాడు. చిత్రమేమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. ఒంట్లో బాగుండక 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు కోటీ ముప్ఫై లక్షల డాలర్లకి అమ్మేశాడు. తరవాత సరుకు నాణ్యత పడిపోయిందన్న పేరొచ్చింది. దాంతో 1965కి ముందువన్నీ ఒక్కసారిగా మేలిమి బంగారమయ్యాయి. చివరికి 1985లో అక్కడ పనిచేసేవాళ్ళే కొందరు కలిసి కంపెనీని సి.బి.ఎస్. నుంచి కోటీ పాతిక లక్షల డాలర్లకి తిరిగి కొనుక్కున్నారు. అదీ ఫ్యాక్టరీ కట్టడాలు లేకుండా! ఇరవై ఏళ్ళు వాడుకుని, అయిదు లక్షలు తగ్గించి అమ్మారన్నమాట. పెద్ద కంపెనీలు కూడా పాతసామాన్ల బేరం తప్పించుకోలేవు.

ఇన్ని చదివినా నా మనసులో నిలిచిపోయింది వేలంపాటల కథ కాదు, ఇద్దరు మనుషుల మధ్య జరిగిన చిన్న బేరం. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం స్థాపించిన పీటర్ గ్రీన్ దగ్గర 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు ఉండేది. 1970లో ఆయన బృందం వదిలేశాడు. కొన్నాళ్ళకి ఆ గిటారును గారీ మూర్ అనే కుర్రాడికి వాయించుకోమని ఇచ్చి, తరవాత కొనుక్కుంటావా అని అడిగాడు. అంత డబ్బు నా దగ్గర లేదన్నాడు కుర్రాడు. అయితే నీ గిటారు అమ్ము, ఎంతొస్తే అంతే ఇవ్వు అన్నాడట గ్రీన్. తీరా అమ్మి డబ్బు తెస్తే అదంతా కూడా తీసుకోలేదనీ, తను కొన్నప్పటి ధరకి దగ్గరగా నూరు పౌండ్ల పైచిలుకు మాత్రం పుచ్చుకున్నాడనీ మూరే చెప్పేవాడు. ఆయన దాన్ని మూడు దశాబ్దాలకు పైగా వాయించాడు. 1995లో గ్రీన్ పాటలతో ఒక ఆల్బం చేసి కృతజ్ఞత చెప్పుకున్నాడు. 2006లో ఇబ్బందులొచ్చి అమ్ముకున్నాడు. 2014లో అది మెటాలికా బృందంలోని కర్క్ హామెట్ చేతికి చేరింది. ఇప్పటికీ మోగుతూనే ఉంది.

గ్రీన్ అడిగింది వస్తువు ధర కాదు. కొనేవాడు ఎంత మొయ్యగలడో అంత.

ఈ కథ చెప్పినప్పుడు పిన్ని ఏమీ అనలేదు. మర్నాడు ఇద్దరం అటక మీద సామానంతా దించి, తుడిచి, మూడు కుప్పలు వేశాం. తుప్పుపట్టిన స్టాండ్లు, తెగిన వైర్లు తూకానికి. మైకులు, ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు, స్పీకర్లు ఇంకా మైకుసెట్టు నడుపుకునే ఊళ్ళో కుర్రాళ్ళకి. వాల్వుల యాంప్లిఫయరు ఎవరికీ కాదు. అది పిన్నిది.

మిగిలింది ఎకో మిషను. సామాన్లవాడు దాన్ని చూసి డొక్కు డబ్బా అన్నాడు. పాత చీర విప్పి చూస్తే జపాను వారి రోలాండ్ కంపెనీ ఆర్.ఇ. 201. 1974లో వచ్చింది. లోపల చుట్టుచుట్టుగా తిరిగే టేపు మీద గొంతు రికార్డయి, క్షణం ఆలస్యంగా మళ్ళీ వినబడుతుంది. సింగపూరు నుంచి వచ్చే ఒకాయన చేత తెప్పించుకున్నాడట బాబాయి. కంప్యూటర్లలో ఎన్ని ఎకోలు వచ్చినా ఆ టేపు వణుకు కోసం పాటలవాళ్ళు దీన్ని ఇప్పటికీ వెతుక్కుంటున్నారు. తెలిసినవాళ్ళకి కబురు పెడితే హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి కొత్త టేపు చేతపట్టుకుని వచ్చాడు. సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్నాడట. మూత తీసి చూడగానే అతని కళ్ళు మెరిశాయి. బేరం తెలిసినవాడైతే ఆ మెరుపు దాచుకునేవాడు.

"ఎంతకిస్తారండీ అమ్మగారూ?" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అప్పటికే విచారించి ఒక అంకె అనుకుని ఉన్నాను. పిన్ని చెయ్యెత్తి నన్ను ఆపింది.

"పెళ్ళయిందా బాబూ?"

"అయిందండీ."

"నీ భార్య గాజులు తాకట్టు పెట్టకుండా ఎంతివ్వగలవో చెప్పు."

అతను బిత్తరపోయాడు. కాసేపు ఆలోచించి నలభై వేలన్నాడు. నేను అనుకున్నదాని కన్నా తక్కువే. ఈనాటి బంగారం ధరలో దానికి ఒక్క గాజు కూడా రాదు. పిన్ని సరేనంది.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక, పనిచేస్తోందో లేదో మీ ముందే చూస్తానండీ అంటూ అబ్బాయి కొత్త టేపు ఎక్కించి, మైకు తగిలించి, స్పీకరు కలిపాడు. "ఏదైనా మాట్లాడండి" అని మైకు నాకివ్వబోయాడు. నేను పిన్నికిచ్చాను.

అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ ఆర్కెస్ట్రాలో, అన్ని పందిళ్ళకి వండిపెట్టి పంపిన మనిషి, ఒక్కసారి కూడా మైకు ముందు నోరు విప్పలేదట! పిన్ని పైట సర్దుకుంది. మైకుని రెండు చేతులా పట్టుకుని, ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూసి, మెల్లిగా "హలో" అంది.

హలో... లో... లో... అని ఇల్లంతా పలికింది.

పిన్ని ఉలిక్కిపడి, నవ్వి, మళ్ళీ అంది. అబ్బాయి అయిదింటి రైలు తప్పిపోయింది. పిన్ని కాఫీ ఇచ్చి తరవాతి రైలుకి పంపించింది.