తిరిగొచ్చినవాణ్ణి చూసి జడుసుకున్నవాళ్లు

జాన్ కెయిన్ అని ఒక చర్చ్ మిషనరీ సొసైటీ పాదిరి 1870ల్లో దుమ్ముగూడెంలో ఉండేవాడు. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉన్న ఊరది. 1876లో ఆయన ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాయడం మొదలుపెట్టాడు. కోయల పెళ్లిళ్లు, పండగలు, చావులు, అన్నీ. 1909లో ఎడ్గర్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు కోయల అధ్యాయానికి కెయిన్ రాతల్ని విస్తారంగా వాడుకున్నాడు. నాలాంటివాళ్లకి కెయిన్ దొరికేది ఎక్కువగా అక్కడే.

చావు గురించి ఆయన రాసింది ఇది. పెద్దవాళ్లు పోతే కాలుస్తారు. ఆవునో ఎద్దునో కోసి, దాని తోక తెచ్చి చచ్చిపోయిన మనిషి చేతిలో పెడతారు. కాల్చాక ఆ మాంసంతో భోజనాలు. మూడు రోజుల తర్వాత మళ్లీ వస్తారు, జొన్నలు పట్టుకుని. మళ్లీ ఒక జంతువు, మళ్లీ భోజనాలు. పోయినవాళ్లు అడవిలో పిశాచాలై తిరుగుతుంటారనీ, ఎదురుపడితే ప్రమాదమనీ భయం. ఇంతే. ఒక ఉద్యోగి రిపోర్టు రాసినంత పొడిగా ఉంటుంది.

నేను ఆగిపోయింది ‘మూడు రోజుల తర్వాత’ అన్నచోట. ఏ పాదిరి అయినా ఊళ్లోకి వచ్చి చెప్పాల్సిన ముఖ్యమైన కబురు మూడోనాటి గురించే కదా. తెల్లవారుజామున కొందరు ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి నడిచి వెళ్లడంతో ఆ కథ మొదలవుతుంది. తెలంగాణ ఊళ్లలో పుట్టినవాళ్లకి ఈ దృశ్యం విడమరచి చెప్పక్కర్లేదు. మూడొద్దులనాడు వండుకుని వెళ్లి పిట్టకి పెట్టడం, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మనకి తెలుసు. జొన్నలు పట్టుకుని వెళ్లిన కోయవాళ్లకీ తెలుసు. పోలిక నాది, కెయిన్‌ది కాదు. కానీ ఈ పోలిక దగ్గర నుంచే నాకొక ప్రశ్న పుట్టింది. పునరుత్థానం నమ్మడం కష్టం, అందుకే సందేహం, అని మనం అనుకుంటాం. ఆ అడవిలో కష్టం నిజంగా అక్కడేనా?

దుమ్ముగూడెం మిషన్ మొదలైన తీరు చూస్తే, అది ఒక ఇంజనీరు పని. (మా వాళ్లే, సివిల్ బ్రాంచి.) ఫీలిక్స్ థాకరే హేగ్ అనే మద్రాసు ఇంజనీర్స్ కెప్టెన్. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాక, గోదావరి మీద ఎగువకి పడవలు నడిపి నాగపూర్, బేరార్ పత్తిని సముద్రానికి దింపాలని ఒక పెద్ద పథకం వేశారు. నదికి అడ్డంగా ఉన్న రాతి అవరోధాల్లో మొదటిది దుమ్ముగూడెం దగ్గర. దానికి ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకి పత్తి దొరక్క ఈ పనికి ఊపొచ్చింది. యుద్ధం అయిపోయింది, పత్తి మళ్లీ వచ్చింది, రైళ్లు వచ్చాయి. 1871 నాటికి పథకం మూతపడింది. ఆనకట్ట మాత్రం ఉంది.

హేగ్‌కి పనికన్నా మనుషుల దిగులు ఎక్కువుండేది. చుట్టూ ఉన్న కోయలకి సువార్త చెప్పడానికి బయటనుంచి ఎవరూ రాలేదు. అక్కడే పనుల దగ్గర సరుకుల సరఫరా విభాగం చూసే ఐ. వెంకటరామరాజు క్రైస్తవుడై, సర్కారు జీతం వదిలేసి, ఆ పనికి తనే పూనుకున్నాడు. దుమ్ముగూడెం మిషన్‌కి మొదటి బోధకుడు ఆయనే, తెలుగువాడు. తర్వాత కెయిన్ వచ్చాడు. చరిత్రల్లో ఈయన పేరు కన్నా ఆయన పేరే ఎక్కువ కనిపించడానికి కారణం మామూలుదే. పత్రికల్లో రాసింది ఆయన కాబట్టి.

ఇదే సమయంలో హేగ్ పుట్టిన దేశంలో, పక్క దేశాల్లో ఏం జరుగుతోందో చూడండి. 1863లో ఫ్రాన్స్‌లో ఎర్నెస్ట్ రెనాన్ యేసు జీవితాన్ని మనిషి కథగా రాసి, పునరుత్థానాన్ని మగ్దలేనే మరియ ప్రేమలోంచి పుట్టిన ఊహగా తేల్చేశాడు. అంతకుముందు 1862లో దక్షిణాఫ్రికాలో నాటాల్ బిషప్పు కొలెన్సో పాత నిబంధన అంకెలు కుదరవని పుస్తకం వేశాడు. బైబిలు అనువాదంలో సాయం చేస్తున్న ఒక జూలూ మనిషి, జలప్రళయం నిజంగా జరిగిందా అని అడిగితే ఔననలేకపోయానని ఆయనే చెప్పుకున్నాడు. వీటన్నిటి వెనకాల డేవిడ్ హ్యూమ్ ఉన్నాడు. అద్భుతాల మీద 1748లో వచ్చిన ఆయన వ్యాసంలో, నీళ్లు గడ్డకడతాయంటే నమ్మని ఒక భారతీయ రాజు కనిపిస్తాడు. తన అనుభవంలో లేనిదాన్ని నమ్మనివాడు ఆ రాజు. చచ్చినవాడు లేచాడంటే మనం కూడా అలాగే సాక్ష్యం అడగాలి కదా అన్నదే హ్యూమ్ తర్కం కాకపోయినా, దాని చుట్టుపక్కలే ఉంటుంది.

ఆ రాజు దుమ్ముగూడెంలో దొరకడు. అక్కడ చచ్చినవాళ్లు తిరిగి రావడం ఎవరి అనుభవానికీ విరుద్ధం కాదు. వాళ్లు వస్తారు. సమస్యే అది. తోక చేతిలో పెట్టడం, మూడోనాడు జొన్నలు, భోజనాలు... వీటిలో సగం ప్రేమ, సగం బతిమాలుకోవడం అని నా చదువు. నీకు ఇవ్వాల్సింది ఇచ్చాం, ఇక నీ దారిన నువ్వు వెళ్లు అని. అలాంటి ఊళ్లోకి ఒకడొచ్చి, ఒక మనిషిని కొట్టి, మేకులు కొట్టి చంపారు, అతను మూడోనాడు లేచి తనవాళ్ల దగ్గరికొచ్చాడు అని చెబితే, ‘అబద్ధం’ అని ఎవరూ అనరు. అలా చచ్చినవాడు రాకుండా ఎలా ఉంటాడు? అయితే అది మంచి కబురు ఎలా అయిందో మాత్రం అర్థం కాదు.

ఇది ‘అమాయక గిరిజనుల’ ఆలోచన అని తోసేద్దామంటే కుదరదు. సువార్తలే అడ్డొస్తాయి. లూకా సువార్త చివరి అధ్యాయంలో శిష్యులు గదిలో ఉండగా యేసు మధ్యలోకి వస్తాడు. వాళ్లు సంతోషించరు, భయపడతారు. దయ్యాన్ని చూస్తున్నాం అనుకుంటారు. తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాట ‘భూతము’. అప్పుడు ఆయన చేతులు, కాళ్లు చూపిస్తాడు, ముట్టుకోమంటాడు. అయినా తేలకపోతే, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి కాల్చిన చేప తీసుకుని వాళ్ల ఎదుటే తింటాడు. రెనాన్‌కి ఈ చేప పనికిరాదు. కానీ పిశాచాలు తిరిగే అడవి పక్కన బతికే మనిషికి ఆ చేప ముక్క దగ్గరే కథంతా ఉంది. మూడోనాడు చచ్చినవాళ్లకి మనం తిండి పెడతాం, వాళ్లు మన ఎదుట కూర్చుని నమలరు. ఇతను నమిలాడు. 19వ శతాబ్దం చివర్లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. మిషనరీలు లూకానే ఎందుకు ఎంచుకున్నా, ఆ అడవికి సరిపడే సువార్త అదే.

మార్కు ఇంకా గట్టిగా అంటాడు. 1859లో సినాయ్ మఠంలో టిషెండార్ఫ్ చేతికొచ్చి, 1862లో అచ్చయిన పాత గ్రీకు ప్రతిలో మార్కు సువార్త, ఆడవాళ్లు ఖాళీ సమాధి దగ్గర నుంచి వణికిపోతూ పారిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పకపోవడం దగ్గర ఆగిపోతుంది. మనం చదువుకునే మిగతా పన్నెండు వచనాలు అందులో లేవు. వాటికన్ ప్రతిలోనూ లేవు. దుమ్ముగూడెంలో మిషన్ పాదుకుంటున్న ఏళ్లలోనే యూరప్ పండితులు ఈ ముగింపు గురించి కొట్టుకుంటున్నారు. మార్కుకి మొదటి ఈస్టర్ ఉదయం అంటే భయం. నమ్మకం, సందేహం రెండూ ఆ తర్వాత వచ్చినవి.

ఇక ఖాళీ సమాధి సంగతి. ఇది ఈ అడవిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాబట్టి కాస్త సాగదీస్తాను.

గోదావరికి కుడివైపు, పినపాక దగ్గర జానంపేటలో, ఇంకా పైకి వెళ్తే ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయిలో, పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన గూళ్లున్నాయి. నాలుగు పక్కలా నిలబెట్టిన బండలు, పైన ఒక భారీ కప్పు బండ. చుట్టుపక్కలవాళ్లు రాకాసి గుళ్లంటారు. ఇనుప యుగపు సమాధులివి. చాలావాటిలో ఇప్పుడేం లేదు. లోపలికి వంగి చూస్తే చీకటి, ఎండుటాకులు. గుప్తనిధుల కోసం తవ్వినవాళ్లు కొన్నిటిని తిరగేశారు కూడా. ఖాళీ సమాధి చూసి ఎవరో లేచారని ఇక్కడ ఎవరూ అనుకోరు. ఎవరో తీసుకుపోయారనే అనుకుంటారు. నిజానికి సువార్తల్లోనూ మొదటి అనుమానం అదే. యోహాను సువార్తలో మరియ ఏడుస్తున్నది ఎవరో ఎత్తుకుపోయారనే. మత్తయి అయితే, శిష్యులే దొంగిలించారన్న పుకారుకి కావలివాళ్లకి ముట్టిన లంచం సంగతి కూడా రాస్తాడు. ఖాళీ సమాధి దేన్నీ రుజువు చేయదని అందరికన్నా ముందు ఒప్పుకున్నది సువార్తలే అన్నమాట.

ఈ రాతి సమాధుల మధ్య కొన్నిచోట్ల శిలువ ఆకారంలో చెక్కిన రాళ్లు నిలబడి ఉంటాయి. కాటాపూర్, మల్లూరు వైపు. 1868లో సర్వే శాఖకి చెందిన మల్హెరన్ వీటి గురించి రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ తన ‘రూడ్ స్టోన్ మాన్యుమెంట్స్’లో వీటి బొమ్మ వేసి, ఇవి క్రైస్తవ శిలువలే అన్నాడు. అంటే ఈ అడవిలో ఎప్పుడో క్రైస్తవులుండేవాళ్లు, ఈ సమాధులు వాళ్లవి అని. వాస్తు చరిత్రలో ఫెర్గుసన్ చిన్నవాడేం కాదు. కానీ శిలువ చూడగానే ఆయనకి ఇంకేదీ తోచలేదు. ఇప్పటి పురాతత్వవేత్తలకి అవి చేతులు చాచిన మనుషుల ఆకారాలు. చచ్చినవాళ్ల దగ్గర నిలబెట్టిన మనిషి బొమ్మలు. శిలువ మీద కూడా ఉండేది చేతులు చాచిన మనిషే కదా అని ఎవరైనా అంటే నేను వాదించను. అయితే ఫెర్గుసన్ చేసింది వేరు. నమ్మకం వల్ల లేనిది చూడటం అని మనం తేలిగ్గా అంటుంటాం. ఫెర్గుసన్ ఆ మాట రాసింది భక్తితో కాదు, రాళ్ల వయసు తేల్చే శాస్త్రం కోసం. సందేహించాల్సిన మనిషి, సందేహించాల్సిన చోట, తనకి బాగా తెలిసిన గుర్తుని చూసి ఆగిపోయాడు.

అదే తాడ్వాయి మండలంలో మేడారం ఉంది. కాకతీయ సైన్యంతో పోరులో గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకి శరీరం దొరకలేదు, పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికింది. రెండేళ్లకోసారి, మాఘ పున్నమి రోజుల్లో కోయ పూజారులు గుట్టెక్కి ఆమెని తీసుకొస్తారు. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం చెబుతారు. లక్షలమంది చూస్తుండగా తల్లి గద్దె మీదికొస్తుంది. నాలుగో రోజు మళ్లీ అడవికి వెళ్లిపోతుంది. ఖమ్మం, భద్రాచలం నుంచి బస్సుల నిండా జనం వెళ్తారు. నాకు తెలిసి వాళ్లలో ఎవరూ ‘సమ్మక్క నిజంగా చనిపోయిందా, లేదా’ అని అడగరు. ఇది యేసు కథ లాంటిదే అని నేను అనను. తేడా పెద్దది. సమ్మక్క వస్తుంది, వెళ్తుంది. ఆమె రాక కాలంతో తిరుగుతుంది, పంట లాగా. క్రైస్తవుల కథలో ఒక్కసారే, ఒకే మనిషి, మళ్లీ చావకుండా. తిరిగొచ్చేవాళ్లని నమ్మే మనిషికి కొత్తగా అనిపించాల్సింది, ఒకవేళ సందేహం కలిగించాల్సింది, ఈ ‘ఒక్కసారే’ అన్న మాట.

కోయల్లో ఆ మాట నమ్మి చేరినవాళ్లు తక్కువే. దుమ్ముగూడెం చుట్టూ సంఘాలు పెరిగింది ఎక్కువగా మాల, మాదిగ పేటల్లో. తర్వాత 1912లో అజరయ్య బిషప్పుగా దోర్నకల్ కేంద్రంగా జరిగిన పెద్ద మార్పిడులు కూడా అక్కడివే. దీనికి కులం, కరువు, బడి, వెట్టి, అన్ని కారణాలూ చెబుతారు, అన్నీ నిజమే. నేను ఇంకొకటి కలుపుతాను. ఆత్మ బతుకుతుందని ఈ దేశంలో అందరూ చెప్పారు. శరీరం లేస్తుందని చెప్పినవాళ్లు తక్కువ. ముట్టుకోకూడదని పక్కన పెట్టిన శరీరాన్ని పట్టుకుని, ఇదే లేస్తుంది, ఇదే కావాలి, అని చెబితే, అది వినేవాళ్లకి హ్యూమ్ ప్రశ్న మొదటి ప్రశ్న కాకపోవచ్చు. ‘ముట్టుకోండి’ అన్నాడు కదా ఆ గదిలో.

ఇప్పుడు ఆ ఊళ్లలో ఈస్టర్‌కి ముందే సమాధులకి సున్నం వేస్తారు. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తారు. అమ్మమ్మ దగ్గర ఒకటి, పోయినేడాది పోయిన తమ్ముడి దగ్గర ఒకటి వెలిగిస్తారు. ఎవరూ బండ కదిలిందా అని చూడరు. ఎవరో పాట ఎత్తుకుంటారు, ఎవరో ఏడుస్తారు, ఎండ రాకముందే గుడికి బయల్దేరతారు. సందేహం ఉన్నవాళ్లు కూడా వస్తారు. కొవ్వొత్తి వాళ్లూ వెలిగిస్తారు.

కెయిన్ రాసిన వాటిలో ఇంకొకటి మిగిలింది. పుట్టిన నెలలోపే బిడ్డ పోతే కోయలు కాల్చరట. దూరంగా కూడా తీసుకుపోరు. ఇంటి పక్కనే, చూరు కింద పూడుస్తారు. వానాకాలంలో చూరునీళ్లు ఆ మట్టి మీద పడాలి. పడితే ఆ అమ్మకి మళ్లీ బిడ్డ పుడుతుంది.