నటి ఎక్కడ చదువుకుంది?

ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్ హైదరాబాదు వాళ్ళకి సరోజినీ నాయుడు ఇల్లుగానే తెలుసు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. 1988లో ఆమె పేరుతో విశ్వవిద్యాలయంలో కళల పాఠశాల ఏర్పడ్డాక, గచ్చిబౌలి ఆవరణకి తరలిపోయేదాకా రంగస్థల విద్యార్థులకి చాలాకాలం ఆ ఇల్లే బడి. ఇక ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా సంగతి. దాని కథ చెప్పేవాళ్ళు సాధారణంగా 1962లో డైరెక్టరుగా వచ్చిన ఇబ్రహీం అల్కాజీతో మొదలుపెడతారు. కానీ ఆ బడికి పునాదుల్లో ఒకటి కమలాదేవి చటోపాధ్యాయ్ వేసింది. ఆమె నడిపిన భారతీయ నాట్య సంఘ్ 1958లో యునెస్కో సాయంతో ఢిల్లీలో ఏషియన్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్‌ని పెట్టింది. సంగీత నాటక అకాడమీ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, 1959లో ఏర్పాటు చేసిన జాతీయ నాటక పాఠశాలలో కలిపేసింది. ఈ కమలాదేవి సరోజినీ నాయుడు తమ్ముడు హరీంద్రనాథ్‌ని పెళ్ళాడిన మనిషి.

అంటే మన అమ్మాయి నటన నేర్చుకోవడానికి హైదరాబాదులో చేరినా, ఢిల్లీ వెళ్ళినా, ఆ గుమ్మం దగ్గర ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు వదినామరదళ్ళు నిలబడి కనిపిస్తారన్నమాట. వినడానికి ఎంతో బావుంది. కానీ ఆ గుమ్మం వెయ్యకముందు నటి ఎక్కడ చదువుకుంది? ఆ చదువుని మనం చదువని ఎందుకు అనలేదు? ఈ ప్రశ్న వేసుకోకుండా నాటక పాఠశాలల చరిత్ర రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.

గోదావరి జిల్లాల కలవంతుల ఇళ్ళలో ఆడపిల్లలు చిన్నప్పట్నుంచే సంగీతం, నృత్యం, పదం పట్టి అభినయించడం, తెలుగూ సంస్కృతమూ చదవడం నేర్చుకునేవారు. ఒకే పదానికి పదిరకాల భావం పట్టడం వాళ్ళకి ఏళ్ళ తరబడి సాగే సాధన. భామాకలాపం వాళ్ళూ ఆడారు. కూచిపూడి బ్రాహ్మణ పురుషులు స్త్రీ వేషం కట్టి ఆడిన సత్యభామ శాస్త్రీయ కళగా చరిత్రకెక్కింది. కలవంతుల స్త్రీ తన గొంతుతో ఆడిన సత్యభామ మాత్రం సంస్కర్తల దృష్టిలో 'సమస్య' అయింది. 1890ల నాటి నాచ్ వ్యతిరేకోద్యమం నుంచి 1947లో మద్రాసు దేవదాసీ చట్టం దాకా నడిచిన ఆ ప్రక్రియని మనం కేవలం దుర్మార్గమని కొట్టిపారెయ్యలేం. ఆ వ్యవస్థలో ఆడపిల్లల మీద జరిగిన దోపిడీ నిజం, దాన్నుంచి బయటపడాలని ఆ ఇళ్ళలోని స్త్రీలే కొందరు కోరుకున్నదీ నిజం. కానీ దోపిడీతో పాటు వాళ్ళ విద్యనీ తుడిచేశారు. విద్యని తీసుకున్నవాళ్ళు ఉన్నారుగాని గురువుగా వాళ్ళ పేరు చెప్పినవాళ్ళు ఎందరు?

అదే కాలంలో తెలుగు రంగస్థలం మీద స్త్రీ అంటే మగవాడే. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా, చింతామణిగా, రోషనారగా వేదిక మీదికొస్తే, ఆ నడకనీ చీరకట్టునీ చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ళు వచ్చేవారని చెప్పుకునేవారు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అయితే ఆయన వేసిన పాత్రల్లో మధురవాణి కూడా ఉంది. 'కన్యాశుల్కం'లో మధురవాణి చివర్లో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఒక కలవంతుల స్త్రీ పాత్రని మగవాడు వేసి, ఆ వేషంలో మళ్ళీ మగవాడిగా నటిస్తాడు. ఇంత సంక్లిష్టమైన ఆటలో లేనిదల్లా అసలు స్త్రీయే.

సురభి ఒక్కటే దీనికి పెద్ద మినహాయింపు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన ఆ కుటుంబ నాటకాల్లో, మిగతా సమాజాలన్నిటిలో మగవాళ్ళు ఆడవేషాలు వేస్తున్నప్పుడే, ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేశారు. కృష్ణుడి లాంటి మగపాత్రలూ వేశారు. పసిపిల్ల తల్లి చంకలో వేదికెక్కుతుంది, నడక వచ్చేసరికి బాలకృష్ణుడవుతుంది, తరవాత చెలికత్తె, తరవాత నాయిక. ఈ మధ్యలో తెర లాగడం, రంగు పుయ్యడం, హార్మోనియం శ్రుతి పట్టడం, పక్కవాళ్ళు మాట మర్చిపోతే అందించడం అన్నీ వస్తాయి. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఈ బడిలోంచి వచ్చిందే. సినిమాకి అప్పటికప్పుడు దొరికిన ఏకైక 'శిక్షణ పొందిన' నటీవర్గం వీళ్ళదే. అయినా వీళ్ళని ఎవరూ అలా పిలవలేదు. 'పుట్టుకతో వచ్చింది' అన్నారు. ఆడవాళ్ళ వంట పుట్టుకతో వచ్చిందన్నట్టే, సురభి స్త్రీ నటనా పుట్టుకతో వచ్చిందే! శ్రమని స్వభావం కింద మార్చెయ్యడం పితృస్వామ్యానికి వెన్నతో పెట్టిన విద్య.

'మర్యాదస్తుల' ఇళ్ళ నుంచి స్త్రీలు నాటకంలోకి రావాలని బళ్ళారి రాఘవ (1880-1946) పట్టుబట్టాడు. రచయిత్రి కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించింది. 1940ల్లో ప్రజానాట్యమండలి వచ్చాక మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళాన్ని నడిపింది, కొండపల్లి కోటేశ్వరమ్మ పాడింది, నటించింది. వాళ్ళకి వేదిక భయం పోగొట్టింది ఏ నటనా శాస్త్రమూ కాదు, ఉద్యమం. కానీ అది వృత్తి కాదు, జీతం లేదు. ఉద్యమం మీద నిర్బంధం వచ్చాక వేదికా పోయింది.

కమలాదేవి ప్రవేశించింది ఈ నేపథ్యంలో. మంగుళూరులో పుట్టిన బాలవితంతువు, మళ్ళీ పెళ్ళి చేసుకుంది, భర్తతో కలిసి నాటకాలాడింది, తరవాత ఆయన నుంచి విడిపోయింది. 1931లో 'మృచ్ఛకటిక' మూకీ చిత్రంలో నటించింది. ఆ కథలో నాయిక వసంతసేన గణిక. చదువుకున్న సారస్వత బ్రాహ్మణ స్త్రీ అలాంటి సినిమాలో వేషం వెయ్యడం సాహసమైన ఆ రోజుల్లోనే, అసలు గణికల కుటుంబాల స్త్రీలకి వేదికలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. కులస్త్రీ గణికగా నటించొచ్చు, గణిక మాత్రం నటించకూడదు. ఈ వైరుధ్యానికి కమలాదేవి కారకురాలు కాదు. కానీ స్వతంత్ర భారతంలో నాటక పాఠశాల నిలబడింది ఈ వైరుధ్యం మీదే. ఆ బడి నటనకి గౌరవం తెచ్చింది. ఆ గౌరవం పాత నటితో తెగతెంపులు చేసుకుంటేనే దొరికింది.

అలాగని బడి ఇచ్చినదాన్ని తక్కువ చెయ్యలేం. మూడేళ్ళ చదువు, స్కాలర్‌షిప్, హాస్టలు. ఒక మధ్యతరగతి అమ్మాయి అర్ధరాత్రి రిహార్సలు ముగించుకుని వస్తే దానికి 'చదువుకుంటోంది' అనే పేరు ఉండడం 1960ల్లో చిన్న సంగతి కాదు. లండన్ రాడాలో చదివొచ్చిన అల్కాజీ విద్యార్థుల చేత రంగసజ్జ పనులన్నీ చేయించేవాడు. అమ్మాయిలూ సుత్తి పట్టారు, దీపాలు బిగించారు. సురేఖా సిక్రీ, ఉత్తరా బావ్‌కర్ అక్కడ చదువు ముగించి బయటికొచ్చినవాళ్ళే. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో బామ్మగా మనం చూసిన రోహిణీ హట్టంగడి 1970ల్లో అక్కడ చదువుకుంది, 'గాంధీ'లో కస్తూర్బా అయింది. ఆమె జపాన్ కబుకీ నాటకంలోనూ, కన్నడ యక్షగానంలోనూ నటించింది. రెండూ మగవాళ్ళ సొత్తుగా మిగిలిపోయినవే. కబుకీని 1603 ప్రాంతంలో మొదలుపెట్టింది ఒకుని అనే స్త్రీ. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళని అందులోంచి నిషేధించింది. ఆడది పుట్టించిన కళలోంచి ఆడదాన్ని వెళ్ళగొట్టి, మగవాణ్ణి ఆడదానిగా తీర్చిదిద్దడం మన ఒక్కరి కథే కాదు.

బడిలో మొదటి పాఠాలు శరీరానికీ గొంతుకీ సంబంధించినవి. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడు, పొట్ట లోపల్నుంచి ఊపిరి తీసుకో, చివరి వరసకి వినిపించేలా మాట్లాడు, ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూడు. అబ్బాయికి ఇది కొత్త నైపుణ్యం. అమ్మాయికి ఇది పెంపకం మీద తిరుగుబాటు. పెద్దగా నవ్వకు, కాళ్ళు దగ్గరగా పెట్టుకో, తల దించుకో, చున్నీ సర్దుకో అంటూ పదిహేడేళ్ళు ఇంట్లో నడిచిన బడి ఒకటుంది కదా! దాన్ని మరిచిపోతేగాని ఇది మొదలవదు. స్థానం వారు ఏళ్ళ తరబడి సాధనచేసి తన ఒంటికి నేర్పుకున్న స్త్రీత్వాన్నే మన ఒంటికి మన అమ్మలు నేర్పారు. ఆయనకి రంగు కడుక్కునే వీలుంది, మనకి లేదు, అంతే తేడా.

ఈ విషయాన్ని నాటక పాఠశాల లోపల్నుంచే చెప్పిన స్త్రీలున్నారు. ఎన్.ఎస్.డి.లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, 2007 నుంచి 2013 దాకా దానికి డైరెక్టరుగా ఉన్న అనురాధా కపూర్, గుజరాతీ రంగస్థలం మీద స్త్రీ పాత్రలతో పేరుపొందిన జయశంకర్ సుందరి ఆత్మకథ ఆధారంగా 1998లో ఒక నాటకం చేసింది. దాని పేరు 'సుందరి: యాన్ యాక్టర్ ప్రిపేర్స్'. నాటక విద్యార్థులంతా చదివే స్తానిస్లావ్‌స్కీ పుస్తకం పేరునే తీసుకుని, మగనటుడు స్త్రీగా 'తయారవడం' మీదికి తిప్పింది. అంతకు ముందు 1993లో గీతాంజలిశ్రీ రాసిన 'ఉమ్రావ్' చేసింది. మళ్ళీ గణికే, కానీ ఈసారి రాసిందీ చేయించిందీ స్త్రీలు. 1988 నుంచి 1995 దాకా ఆ బడి డైరెక్టరుగా ఉన్న కీర్తి జైన్, అక్కడే చదివి అక్కడే నటన నేర్పిన, 2023లో మరణించిన త్రిపురారి శర్మ కూడా ఈ వరసలో వాళ్ళే. అత్తింట్లో కోడలి బతుకుని 'బహూ' నాటకంగా రాసింది త్రిపురారి.

వాళ్ళు నాటకాలు రాసుకోక తప్పని కారణం ఉంది. బడిలో స్త్రీ గొంతు విప్పడం నేర్చుకుంటుంది సరే, ఆ గొంతుతో ఏం మాట్లాడుతుంది? 'హామ్లెట్'లో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్రలు రెండు. ఆధునిక భారతీయ నాటకానికి గీటురాయిగా చెప్పే 'అంధాయుగ్'లో ఒక్క గాంధారి. 'తుగ్లక్'లో ప్రధానమైన స్త్రీ పాత్ర సవతి తల్లి ఒక్కర్తే. ఒక తరగతిలో పదిమంది అమ్మాయిలుంటే ఒక గాంధారి కోసం పదిమందీ ఒకరికొకరు పోటీ. వేషం ఎవరికిచ్చేదీ ఒకే మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషికే విద్యార్థి ఒంటిని ముట్టుకుని సరిదిద్దే హక్కూ ఉంటుంది. సిగ్గు వదలడం, హద్దు వదలడం ఈ రెంటికీ మధ్య గీత ఎవరు గియ్యాలి? 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం వచ్చాక కమిటీలొచ్చాయి. కానీ 'నీకు ఇంకా బిడియం పోలేదు' అనే మాటని ఏ కమిటీ ముందు ఫిర్యాదుగా పెట్టగలం?

తెలుగు అమ్మాయికి వీటికి తోడు ఇంకో గోడ. ఢిల్లీ బడి ఏటా దేశం మొత్తం మీద పాతిక ముప్పై మందిని తీసుకుంటుంది, నడిచేది ప్రధానంగా హిందీలో. ఇక్కడ హైదరాబాదు, ఆంధ్ర, తెలుగు విశ్వవిద్యాలయాల్లో రంగస్థల శాఖలున్నాయి. పట్టా చేతికొచ్చాక ఏమిటన్నదే ప్రశ్న. జీతమిచ్చి నటిని పెట్టుకునే నాటక సంస్థ తెలుగులో దాదాపు లేదు. పరిషత్తు పోటీల్లో నటి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుతూ రోజుకింత అని తీసుకుంటుంది. ఆమెకి మేకప్ గది ఉండదు, బస్సు ఛార్జీ బేరం ఉంటుంది. మిగిలినవి టీవీ, సినిమా. అక్కడ అడిగేది శిక్షణ గురించి కాదు.

ఒకసారి మాత్రం దారి తిరగబడింది. అల్కాజీ తరవాత ఎన్.ఎస్.డి.కి డైరెక్టరుగా ఉన్న బి.వి. కారంత్ 1990ల్లో సురభి వాళ్ళ దగ్గరికొచ్చి వాళ్ళతో నాటకాలు చేయించాడు. వాటిల్లో 'బస్తీ దేవత యాదమ్మ' ఒకటి. బ్రెహ్ట్ రాసిన 'సెజువాన్ మంచి మనిషి'కి తెలుగు రూపం. మంచితనంతో బతకలేక, బతకడం కోసం మగవేషం వేసుకోక తప్పని ఒక స్త్రీ కథ అది. మగవేషం కొత్తకాని సురభి స్త్రీలకి ఆ కథ ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. బడి వాళ్ళకి నేర్పిందని రాశారు. బడి వాళ్ళ దగ్గర ఏం నేర్చుకుందో రాయాల్సింది ఇంకా ఉంది.

గచ్చిబౌలి విశ్వవిద్యాలయమూ, సురభి కుటుంబాలుండే కాలనీ ఒకే శేరిలింగంపల్లి మండలంలో ఉన్నాయి. ఒకదాంట్లో నటి పట్టా తీసుకుంటుంది. ఇంకోదాంట్లో ఒక బామ్మ మనవరాలికి కృష్ణుడి కిరీటం కడుతూ, మెడ ఎంత తిప్పితే వెనక వరసవాళ్ళకి ముఖం కనిపిస్తుందో చెబుతుంది. ఆ బామ్మని పాఠ్యప్రణాళిక కమిటీలో కూర్చోబెట్టి, జీతమిచ్చి పాఠం చెప్పించుకునే రోజు వస్తే, నాటక పాఠశాల గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ ఇద్దరు వదినామరదళ్ళూ కాస్త పక్కకి జరిగి ఆమెకి చోటివ్వక తప్పదు. వాళ్ళిద్దరూ అందుకు అభ్యంతరం చెప్పరనే నా నమ్మకం.