తెల్లబంతి తిరుగు త్రోవ



జగ్గయ్యపేట మొదలు నందిగామ వఱకు క్యారమ్ బల్ల నెఱుగని యూరు లేదు. ఆ యాటలో స్ట్రైకరు గుంటలో పడినచో అది తప్పు. వలలో చేయి పెట్టి దానిని మరల పైకి దీసికొందుము. వల తెఱచియే యుండును గనుక పేచీ లేదు. నేడు నేను చెప్పబోవునది గుంటలకు తాళము పడిన బల్లను గూర్చి. దానిని పూల్ బల్ల యందురు. నాణెము వేసినగాని అది బంతుల నీయదు. నాణెము మాట వినగానే మన పెద్దలు కొందఱు దానిని జూదపు బల్లగా నెంచి, పట్టణములలో చదువుకొను మనుమలను మందలించుచున్నారు. బల్ల చేయు పని యెట్టిదో తెలియక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఈ జాతి యాటలు మనకు బొత్తిగా పరాయివి కావు. 1875లో జబ్బల్పూరు దండునందు నెవిల్ ఛేంబర్లేన్ అను ఆంగ్ల సైనికోద్యోగి బిలియర్డ్సు బల్లపై రంగు బంతులు చేర్చి స్నూకరు ఆటను కల్పించెను. 1882లో దాని నియమములు ఉదకమండలపు క్లబ్బులో వెలసినవి. ఆనాడు ఉదకమండలమును మన కృష్ణామండలమును ఒకే చెన్నపురి రాజధానిలోనివి. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్సు బిలియర్డ్సున ప్రపంచ విజేత యయ్యెను. తొలుత బంతులు ఏనుగుదంతముతో చేయబడెడివి. దంతము ఎండకు వానకు మాఱును. ఏ రెండు బంతులును సరిసమానముగా నుండవు. కృత్రిమ ద్రవ్యముతో బంతులు పోతపోయుట నేర్చిన పిదపనే, బంతిని కొలిచి గుర్తుపట్టు బల్లకు అవకాశము కలిగినది.

ఇక చిక్కు వినుడు. రంగు బంతి గుంటలో పడినచో ఆట ముగియు వఱకు లోపలనే యుండవలెను; లేనియెడల ఒక్క నాణెముతో దినమంతయు ఆడవచ్చును. తెల్లబంతి పడినచో అది వెంటనే తిరిగి రావలెను. లేనియెడల ఆట నిలిచిపోవును. బల్ల క్రింద త్రోవ యొక్కటే, చీకటి. సొంతదారు అచ్చట నుండడు. ఏది తెల్లనిదో ఎవరు చెప్పవలెను?

మన కళ్లములో నున్న ఉపాయమే అచ్చట నున్నది. జల్లెడ పరిమాణమును బట్టి వేరు చేయును గదా! అమెరికా బల్లలలో రంగు బంతి అడ్డుకొలత 57 మిల్లీమీటర్లు. కొన్నిట తెల్లబంతిని 60 మిల్లీమీటర్లు చేసిరి. త్రోవలో నొక అడ్డు నమర్తురు. చిన్నవి దాని క్రిందుగా సాగిపోవును. పెద్దది తగిలి ప్రక్క త్రోవ పట్టి ఆటగాని చెంతకు వచ్చును. ఆంగ్లదేశపు చిన్న బల్లలలో ఇది తలక్రిందు: రంగు బంతులు 51, తెల్లనిది 48 మిల్లీమీటర్లు. భేదము ఒక వడ్లగింజ వెడల్పు మాత్రమే.

అయితే ఇందులో ఆటగానికి అన్యాయమున్నదని నా యభిప్రాయము. పెద్ద బంతి బరువైనది. తాకిన పిదప అది తక్కిన బంతులవలె ఆగదు. చేయి తిరిగినవాడు కూడ తడబడును. సొంతదారు సొమ్ము భద్రమునకై ఆట ధర్మమును వంచనేల? రెండవ ఉపాయము ఇంతకంటె మేలు. కంసాలి బంగారు రజనులో సూదంటురాయి త్రిప్పి ఇనుప పొడిని లాగివేయుట మీరెఱుగుదురు. అట్లే తెల్లబంతిలో ఇనుమును చేర్చి, త్రోవ ప్రక్కన సూదంటురాయి నుంతురు. రంగు బంతులు తిన్నగా పోవును; తెల్లనిది ఆకర్షణచే దారి తప్పి బయటపడును. పరిమాణము సమానముగనే యుండవచ్చును. ఇనుము సరిగా నడుమ లేనిచో మాత్రము బంతి వంకరగా దొర్లును; అది చేసినవాని లోపము.

నాణెమును గుర్తించు యంత్రము క్రొత్తది కాదు. క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దిలో అలెగ్జాండ్రియా పురవాసి హీరో అనునతడు దేవాలయములకై యొక పాత్రను వర్ణించెను. నాణెము లోని తులాదండముపై పడి బరువుచే దానిని వంచగా మూత లేచి పవిత్రజలము కాఱును. నాణెము జాఱిపోగానే మూత పడును. ఇచ్చట మన జగ్గయ్యపేట స్తూప శిల్పము జ్ఞప్తికి వచ్చుచున్నది. 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన ఆ స్తూపపు ఫలకముపై చక్రవర్తి చేయెత్తగా మేఘమునుండి నాణెములు వర్షించుచుండును. ఆ నాణెములన్నియు చతురస్రములు! హీరో పాత్ర బరువునే చూచును గనుక ఆ చదరపు నాణెములను కాదనదు. పూల్ బల్ల సందు అట్లు కాదు. దానికి నిర్ణీత పరిమాణము గల గుండ్రని బిళ్లయే కావలెను. బంతులను వేరుచేయు బల్ల నాణెములను గూడ అట్లే పరీక్షించుచున్నదన్నమాట.

జూదము సంగతి యందురా? పందెమునకు మాఱుగా ధనమిచ్చునది జూదయంత్రము. ఈ బల్ల ఎవ్వనికిని పైస మరల నీయదు. అందు వేసిన నాణెము బల్లకు బాడుగ. రైలు ప్లాట్‌ఫారముపై తూకపు యంత్రములో వేసినదానివంటిది. ఆటగాండ్రు తమలో తాము పందెము కాసికొన్నచో ఆ దోషము వారిది. కోడిపందెమునకు కోడి బాధ్యురాలా?

ఒక్క మాట మఱవరాదు. తెల్లబంతి పగిలినచో బజారులో దొరకిన సాధారణమైన తెల్లబంతిని తెచ్చి వేయుదురు. అది గుంటలో పడెనా, బల్ల దానిని రంగు బంతియనుకొని లోపలనే దాచుకొనును. మరల నాణెము పడినదాక ఈయదు. బల్ల రంగును చూడదు.