విదళన దశలో ఉభయచర పిండాల శ్వాసక్రియ

ఫలదీకరణ చెందిన కప్ప గుడ్డు పరిమాణంలో పెరగకుండానే రెండు, నాలుగు, ఎనిమిది కణాలుగా విభజన చెందడాన్ని విదళనం అంటారు. ఈ దశలో పిండం ఆక్సిజన్‌ను వినియోగించే వేగం స్థిరంగా ఉండదు. ప్రతి విభజనతోనూ స్వల్పంగా హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అప్పటికి మొప్పలు గానీ ఊపిరితిత్తులు గానీ ఉండవు. నీటిలో కరిగిన ఆక్సిజన్ గుడ్డు చుట్టూ ఉన్న జిగురు పొర గుండా వ్యాపనం ద్వారానే లోపలికి చేరుతుంది.

కొలిచే విధానం

ఒక్క గుడ్డు వాడుకునే ఆక్సిజన్ అత్యల్పం. ఇంత స్వల్ప పరిమాణాలను కొలవడానికి కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ 1937లో కార్టీజియన్ డైవర్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. డైవర్ అనగా ద్రవంలో తేలియాడే చిన్న గాజుబుడ్డి. లోపలి గుడ్డు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. విడుదలైన కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం పీల్చుకుంటుంది. వాయువు తగ్గినకొద్దీ బుడ్డి మునగబోతుంది. దానిని అదే మట్టంలో నిలపడానికి పీడనాన్ని ఎంత తగ్గించవలసి వచ్చిందో చూసి ఆక్సిజన్ వినియోగాన్ని లెక్కకడతారు. ఎరిక్ జ్యూథెన్ 1946లో కప్ప గుడ్లపై పరిశోధించి, ఆక్సిజన్ వినియోగం విభజనలతో పాటు లయబద్ధంగా మారుతుందని ప్రకటించాడు.

తొలి విభజనలు కణాలన్నిటిలో ఏకకాలంలో జరగడం వల్లనే ఈ లయ పైకి కనిపిస్తుంది. ఆఫ్రికా కప్ప జెనోపస్‌లో ఇటువంటి విభజనలు సుమారు 12 జరుగుతాయి. ఆ తరువాత కణాలు వేర్వేరు సమయాలలో విభజన చెందుతాయి.

కారణం

కణాన్ని చీల్చే శ్రమే ఈ హెచ్చుతగ్గులకు కారణమని తోచడం సహజం. అయితే 2019లో రోడెన్‌ఫెల్స్, న్యూగెబౌర్, హోవర్డ్ జీబ్రా చేప పిండాలు వెలువరించే ఉష్ణంలో ఇటువంటి లయనే కనుగొన్నారు. విభజన చక్రాన్ని నియంత్రించే ఎంజైములు ప్రోటీన్లకు ఫాస్ఫేటును చేర్చడం, తొలగించడం వల్ల అయ్యే శక్తివ్యయమే దీనికి మూలమని వారి నిర్ణయం. చేప ఉభయచరం కాదు గనుక దీనిని కప్పకు యథాతథంగా అన్వయించరాదు.

ఆక్సిజన్ కొరత

విచిత్రమేమంటే విదళనానికి ఆక్సిజన్ తప్పనిసరి కాదు. సయనైడుతో శ్వాసక్రియను అణచినా కప్ప పిండం బ్లాస్టులా దశ వరకు వికసిస్తుంది. గాస్ట్రులా ఏర్పడవలసిన సమయానికి నిలిచిపోతుంది.

నెల్లూరు తీరంలో వర్షాలు అధికంగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తాయి. పులికాట్ సరస్సు వంటి ఉప్పునీటి తావులు కప్ప గుడ్లకు సాధారణంగా సరిపడవు. వాననీటి గుంటలు, వరి కయ్యలు అనుకూలం. గోదురు కప్ప గుడ్లు అక్కడ పొడవైన జిగురు తాళ్ళవలె కనిపిస్తాయి. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాములే. వెచ్చదనం వల్ల పిండానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. రాత్రివేళ నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. అందుచేత గుడ్లు చక్కగా విభజన చెందుతున్నాయని చూసి నీటిలో ఆక్సిజన్ చాలినంత ఉన్నదని నిర్ధారించరాదు. కొరత ప్రభావం గాస్ట్రులా దశలోనే బయటపడుతుంది.