తెలుగు తెరపై ప్రతీకార నాయిక: ‘ప్రతిఘటన’ చారిత్రక నేపథ్యం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న హిజ్లీకి చరిత్రలో స్థానం నిర్బంధ శిబిరం వల్ల లభించింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన నిర్బంధితులపై జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. బెంగాల్ విప్లవోద్యమంలో పాల్గొన్న స్త్రీలలో కొందరు ఖైదు అనుభవించినదీ ఇక్కడే. 1951లో ఆ భవనంలోనే దేశపు తొలి ఐ.ఐ.టి. ఆరంభమైంది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగువారు తరాలుగా ఈ పరిసరాలలో స్థిరపడ్డారు. ఇంట తెలుగు, పనిచోట హిందీ, వీధిలో బెంగాలీ వినే ఇటువంటి కుటుంబాలకు ఒక తెలుగు కథ రెండు భాషలలోనూ అందుబాటులోకి వచ్చింది. అది 1985 నాటి ‘ప్రతిఘటన’. దానినే 1987లో ఎన్. చంద్ర ‘ప్రతిఘాత్’ పేరుతో హిందీలో తీశారు.

టి. కృష్ణ దర్శకత్వంలో ఉషాకిరణ్ మూవీస్ నిర్మించిన ఈ చిత్రంలో నాయిక ఝాన్సీ కళాశాల అధ్యాపకురాలు. పట్టపగలు నడివీధిలో జరిగిన హత్యను ఊరంతా చూసి నోరు మెదపదు. ఆమె ఒక్కతే సాక్ష్యానికి సిద్ధపడుతుంది. అందుకు ప్రతిఫలంగా హంతకుడు కాళి ఆమెను అదే ఊరి నడిబజారులో వివస్త్రను చేస్తాడు. చూసినవారు మళ్లీ మౌనమే పాటిస్తారు. దుష్టుడి దౌష్ట్యం కన్నా ఈ రెండవ మౌనమే చిత్రంలో అసలు అభియోగం. తన విద్యార్థుల అవహేళనకు బదులుగా తరగతి గదిలో ఆమె ఆలపించే పాటను వేటూరి సుందరరామమూర్తి రచించగా ఎస్. జానకి గానం చేశారు. భారతంలోని సభాపర్వాన్ని నల్లబల్ల ముందుకు తెచ్చిన పాట అది. చివరకు కాళి సన్మాన సభలోనే ఝాన్సీ గొడ్డలి ఎత్తుతుంది. విజయశాంతి నట జీవితంలో ఇది పెద్ద మలుపు.

ఈ ఆగ్రహం శూన్యంలో నుంచి పుట్టలేదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను తప్పుపట్టినా, కర్ణాటకకు బదిలీ అయిన కేసులో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. అదే 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విముక్తులను చేసింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాని వెంట సాగిన ఉద్యమ ఫలితంగా 1983లో అత్యాచార చట్టం సవరణకు నోచుకొన్నది. అదే సంవత్సరం శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేరింది. చట్టం మారిన రెండేళ్లకు వెండితెర నాయిక చట్టాన్ని పక్కకు నెట్టి ఆయుధం పట్టిందన్నది గమనార్హం. కాగితం మీది సవరణ పోలీసు స్టేషను గడప దాటి వస్తుందన్న నమ్మకం ప్రేక్షకులకు ఇంకా కుదరలేదనుకోవాలి.

తిక్కన విరాటపర్వంలో ద్రౌపది కీచకుడి నుంచి రక్షణ కోసం రాత్రివేళ భీముడి వద్దకు వెళుతుంది. ప్రతీకార సంకల్పం ఆమెది, బాహువులు భీముడివి. ఝాన్సీకి భీముడు లేడు. ఈ ఒక్క మార్పులోనే చిత్రం పాత కథకు దూరంగా జరిగింది. అయితే ఈ కోవ చిత్రాలన్నింటికీ వర్తించే ఒక ఆక్షేపణ ఉంది: స్త్రీ అవమానాన్ని ఖండించడానికే ఆ అవమానాన్ని తెరపై తీరికగా చూపవలసి రావడం. బి.ఆర్. చోప్రా ‘ఇన్సాఫ్ కా తరాజూ’ (1980) కూడా ఈ విమర్శను తప్పించుకోలేదు. టికెట్టు కొన్నవాడు ఏ దృశ్యం కోసం వచ్చాడో నిర్మాతకు తెలియనిది కాదు.

1990లో ‘కర్తవ్యం’తో నాయిక చేతికి గొడ్డలి బదులు లాఠీ వచ్చింది. పోలీసు అధికారిణి పాత్రకు విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. ఝాన్సీని ఆదుకోని వ్యవస్థే ఇక్కడ నాయికకు యూనిఫారం తొడిగింది.

తెర బయట మాత్రం దారి వేరుగా సాగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులలో కూర్చున్న స్త్రీలు 1991-92లో సారా దుకాణాలను మూయించారు. వారి చేతులలో ఉన్నవి చీపుళ్లు, కారప్పొడి. తాగి వచ్చిన భర్త చేతి దెబ్బ ఇంటి విషయమని అంతకుముందు అనుకొన్నవారే వేలంపాటలను అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో ప్రభుత్వం ఎత్తివేసింది.