ఉస్తాద్ చదివిన పొగ: మన ఇంటి బండి ఇంజన్ తారీఖ్

ఉర్దూలో ‘తారీఖ్’ అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకి క్యాలెండర్ అర్థం ఒక్కటే మిగిలింది. రెండు అర్థాలూ కలిసే చోటు ఒకటి మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అది బండి మరమ్మతుల డైరీ. ఆయిల్ మార్చిన తారీఖు, హెడ్ విప్పిన తారీఖు, పంపు బాగు చేయించిన తారీఖు వరుసగా పేర్చి చూడండి. ఈ దేశంలో డీజిల్ ఎలా నడిచిందో, సర్కారు చట్టాలు ఎప్పుడు మారాయో, మన జేబులు ఎందుకు ఖాళీ అయ్యాయో అందులో కనపడుతుంది.

మన ఇళ్లలో పెద్ద బండి ఒక్కరిది కాదు, ఖాందాన్ మొత్తానిది. ముందు సీట్లో దాదీ, మధ్యలో ఫుప్పు, ఖాలా, వెనక అడ్డ సీట్లలో పిల్లలు, క్యారియర్ మీద దేగ్చాలు. షాదీకి అదే, ఉర్సుకి అదే, అర్ధరాత్రి ఆస్పత్రికీ అదే. అందుకే దాని ఇంజన్ పోయిందంటే ఆపా పెళ్లికని దాచిన సొమ్ము షెడ్డుకి పోతుంది. ఇంజన్ షికాయత్‌లని తారీఖ్‌లా చదవాలని నాకు అనిపించడానికి అదే సబబు.

ముందు జీపు

మొదట జీపు. 1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అనే పేరుతో ఉక్కు వ్యాపారం కోసం ఒక కంపెనీ పుట్టింది. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అనే అన్నదమ్ములతో పాటు మలిక్ గులాం ముహమ్మద్ అందులో హిస్సేదార్. ఆయన నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మనిషి కూడా. తక్సీమ్ తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి అమ్మింది ఆ కంపెనీయే.

ఆ జీపులు పెట్రోలు తాగేవి. లారీల కోసం, పొలాల కోసం సర్కారు డీజిల్ ధరని తక్కువగా ఉంచేది. ఆ సస్తా డీజిల్ మీద జనం కన్ను పడింది. 1980లలో పూజో డీజిల్ ఇంజన్లతో జీపులు వచ్చాయి. 1994లో టాటా సుమో వచ్చింది. ఆ పేరు కుస్తీ పహిల్వాన్లది అనుకుంటారు గానీ, కంపెనీని నడిపిన సుమంత్ మూల్గాంకర్ పేరులోని మొదటి అక్షరాలవి. 2000లో బొలేరో, టయోటా క్వాలిస్ వచ్చాయి. డీజిల్ ధర మీద సర్కారు పట్టు 2014 అక్టోబరులో గానీ వదలలేదు. ఇన్నేళ్లపాటు పెద్ద ఖాందాన్‌కి పెద్ద బండి అంటే డీజిల్ బండే.

వేడి జమానా

ఆ తొలి బండ్ల మీద పెద్ద షికాయత్ వేడి. ఏడుగురి బండిలో పన్నెండు మంది, మే నెల ఎండ, ఘాట్ రోడ్డు. వీటికి తోడు రేడియేటర్లో బోరు నీళ్లు. మన దగ్గర చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. టీ గిన్నె అడుగున తెల్లగా పట్టే చారలాంటిదే రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. నీళ్లు తిరగవు, గేజ్ ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఇంజన్ హెడ్ వంగుతుంది, దాని కింద ఉండే గ్యాస్కెట్ కాలుతుంది. నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. ఆయిల్ మూత విప్పితే లోపల మలాయి చాయ్ రంగు. ఇక హెడ్ విప్పాల్సిందే.

దీని ఇలాజ్ సస్తా. మంచి నీళ్లలో కూలెంట్ కలిపి పోయడం, రేడియేటర్ శుభ్రం చేయించడం, ముల్లు ఎక్కగానే బండి పక్కకి తీసి ఆపడం. ఇరవై నిమిషాల్లో చేరిపోతామని అలాగే తోలిన వాళ్లకి ఇంజన్ పనే మిగిలింది.

పొగ చదివిన ఇల్మ్

ఆ జమానాలో ఉస్తాద్‌లకి మీటరు అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్ అయినా, హైదరాబాద్ పుత్లీబౌలి అయినా, పానా పట్టే ముందు ఉస్తాద్ బండి వెనక్కి వెళ్లి నిలబడేవాడు. షాగిర్ద్‌ని రేస్ ఇవ్వమనేవాడు. ‘ధుఆఁ’ చూసేవాడు. (ఈ మాటలో ‘ధ’కి ఒత్తు తీసేస్తే ‘దుఆ’ అవుతుంది. కొన్ని బండ్లు రెండో దాని మీదే నడిచేవి.)

కాలా ధుఆఁ అంటే ఇంజన్‌కి గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదో. సఫేద్ ధుఆఁ చలి పొద్దున కాసేపు వచ్చి ఆగితే ఫిక్ర్ లేదు. వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే గ్యాస్కెట్ మీద అనుమానం. నీలా ధుఆఁ అంటే ఆయిల్ కాలుతోంది. రింగులు అరిగాయి, బోర్ చేయించాలి. మూడు రంగుల్లో ఇంజన్ హాలత్ మొత్తం తెలిసిపోయేది. ఇది కితాబుల్లో చదివిన ఇల్మ్ కాదు. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కి, బాబాయ్ నుంచి భతీజాకి చేతుల మీదుగా వచ్చినది. ఉర్దూ మీడియం బడిలో నాతో చదివి మధ్యలో మానేసిన పిల్లల్లో చాలామంది వెళ్లింది ఇలాంటి షెడ్లకే.

డీజిల్‌ని కొలతగా చిమ్మే పంపుకి బెంగళూరు ‘మైకో’ పేరు పెట్టి పిలిచేవాళ్లు. 1951లో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్ అయింది. ఆ పంపు విప్పొచ్చు, కడగొచ్చు, కాలిబ్రేషన్ చేయించొచ్చు. క్వాలిస్ ఇంజన్‌ని మన వాళ్లు అంతగా మెచ్చుకోవడానికి ఒక కారణం కూడా ఇదే. 2.4 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, లోపల గజిబిజి లేదు. ఏ ఊళ్లో ఆగినా మరమ్మతు చేసేవాడు దొరికేవాడు.

ఒత్తిడి జమానా

1997లో యూరప్‌లో ఆల్ఫా రోమియో 156 అనే కారుతో ‘కామన్ రైల్’ మార్కెట్లోకి వచ్చింది. డీజిల్‌ని 1,350 బార్ ఒత్తిడితో సన్నటి తుంపరగా చిమ్మే ఏర్పాటు అది. మన ఇంటి టైర్లో గాలి రెండు మూడు బార్లు ఉంటుంది, పోల్చుకోండి. తర్వాత వచ్చిన ఇంజన్లలో ఈ ఒత్తిడి 2,000 బార్ దాటింది. 2005లో క్వాలిస్ ఆగిపోయి ఇన్నోవా వచ్చినప్పుడు ఈ ఏర్పాటు మన ఖాందానీ బండ్లలోకీ అడుగుపెట్టింది. బండి హుషారు పెరిగింది, చప్పుడు తగ్గింది, నల్ల పొగ తగ్గింది.

షికాయత్ మాత్రం పోలేదు, చోటు మార్చుకుంది. ఈ ఇంజెక్టర్ల లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. డీజిల్లో చుక్క నీరు, చిటికెడు దుమ్ము చాలు. రేషన్ కిరోసిన్ కలిపిన డీజిల్‌ని పాత పంపు దగ్గుతూనైనా మింగేది. కొత్త పంపుకి డీజిలే ఆయిల్ లాగా పనిచేస్తుంది. కిరోసిన్‌లో ఆ నునుపు తక్కువ, కాబట్టి పంపు లోపల అరుగుతుంది, ఆ ఇనుప పొడి వెళ్లి ఇంజెక్టర్లలో కూర్చుంటుంది. పొద్దున స్టార్ట్ కాదు, పికప్ ఉండదు, ఇంజన్ లైటు వెలుగుతుంది. నాలుగు ఇంజెక్టర్లు మార్చాలన్నారంటే అది మామూలు ఇంటి నెల జీతంతో తేలే హిసాబ్ కాదు.

టర్బో సంగతీ అంతే. అందులోని చక్రం నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. హైవే మీద తోలుకొచ్చి ధాబా ముందు టక్కున ఇంజన్ ఆపేస్తే, వేడి మీదున్న టర్బోకి ఆయిల్ అందడం ఆగిపోతుంది, లోపలున్న ఆయిల్ మాడి గడ్డకడుతుంది. ఒక నిమిషం అలాగే నడవనిచ్చి ఆపడం మేలు.

పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి, కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకే పంపే ఇ.జి.ఆర్. వాల్వు పెట్టారు. గాలికి మేలే. కానీ ఆ మసి, ఆయిల్ ఆవిరి కలిసి గాలి దారిలో తారులా పేరుకుని ఇంజన్ ఊపిరి బిగబడుతుంది. ఒక రోగానికి ఇచ్చిన దవా ఇంకో రోగం తెచ్చింది. ఈ తారీఖ్ అంతా ఇదే వరస.

జాలీ జమానా

ఇదంతా సరే, పాత పొగే మంచిది అనుకుందామా? వద్దు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో మొదటి గుంపులో చేర్చింది. ఉస్తాద్ రంగు చూసి చదివిన ఆ పొగ, మూసిన షెడ్డులో రోజంతా ఆయన ఊపిరితిత్తుల్లోకీ వెళ్లింది. పక్కనే పానాలు అందించిన పదేళ్ల షాగిర్ద్ ఊపిరితిత్తుల్లోకీ వెళ్లింది. మనం ఆ ఇల్మ్‌ని తల్చుకున్నప్పుడు దాని ఖరీదు కూడా తల్చుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 నియమాలు వచ్చాయి. బి.ఎస్.-3 డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లకి 350 పాళ్ల దాకా ఉండొచ్చు. బి.ఎస్.-4లో అది 50, బి.ఎస్.-6లో 10. అంత శుభ్రమైన డీజిల్ వచ్చాకే పొగ గొట్టంలో డి.పి.ఎఫ్. అనే జాలీ నిలబడగలిగింది. మసిని ఆ జాలీ పట్టి ఉంచుతుంది. నిండాక, దాదాపు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చేసుకుంటుంది.

ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు మంచి స్పీడులో నడవాలి. బడికి రెండు కిలోమీటర్లు, బజారుకి మూడు, మధ్యలో ట్రాఫిక్. ఇలాంటి సఫర్‌లో కాల్చడం మొదలవుతుంది, పూర్తి కాదు. జాలీ లైటు వెలుగుతుంది. కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. పాత ఉస్తాద్‌లు ఆయిల్ తగ్గితే భయపడేవాళ్లు. ఇప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినా భయపడాలి. పలచబడిన ఆయిల్ ఇంజన్‌ని కాపాడలేదు.

షికాయత్ చేసిన వాళ్ల ఇన్సాఫ్

“మీరు తోలడం సరిగ్గా లేదు” అనే జవాబు షోరూముల్లో మనలో చాలామంది విన్నదే. కొన్నిసార్లు అది నిజం. కొన్నిసార్లు కాదు. ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చూడండి. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా అక్కడ అమ్మిన డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్ల యజమానులు తెల్ల పొగ, ఘాటైన వాసన, పదే పదే వెలిగే జాలీ లైటు గురించి షికాయత్‌లు చేశారు. అవి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండ్ల షికాయత్‌లు కావు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో నిలకడగా తోలినప్పుడే జాలీ సరిగ్గా పనిచేయలేదు. అంటే పుస్తకం చెప్పినట్టు తోలిన వాళ్లకే తిప్పలు.

2022 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు, సుమారు 2,64,000 బండ్లలో ఆ ఏర్పాటు లోపంతోనే అమ్ముడైందని ఫైసలా ఇచ్చింది. ముఆవజా ఎంత, ఎలా లెక్కకట్టాలి అన్న వాదన 2024లో అక్కడి హైకోర్టు దాకా వెళ్లింది. ఆస్ట్రేలియాలో అదే అన్నిటికన్నా పై అదాలత్. నాకు ఇందులో కావాల్సిన మాట ఒకటే. ఒక్కొక్కరుగా వర్క్‌షాప్ కౌంటర్ దగ్గర చెప్పుకున్నప్పుడు అది గొణుగుడు. తారీఖులు వేసి, రసీదులు దాచి, కలిసి చెప్పినప్పుడు అది గవాహీ.

మన దగ్గర ఇంకో దారి చూపిస్తున్నారు: జాలీ కోయించేయడం. లైటు ఆరిపోతుంది, పికప్ వస్తుంది. కానీ అది ఖానూన్‌కి విరుద్ధం, వారంటీ పోతుంది, ఆ మసి మళ్లీ మన గల్లీలో పిల్లల ఊపిరిలోకే వస్తుంది. పాత షెడ్డులో షాగిర్ద్ పీల్చిందే ఇప్పుడు మన పిల్లలు పీలుస్తారు.

బండి కొనే ముందు

ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక, అక్కడి పెద్ద బండ్లు దక్షిణాదికి సస్తాగా వస్తున్నాయి. మన ఖాందాన్లలో చాలామందికి పెద్ద బండి అంటే సెకండ్ హ్యాండ్ బండే. కొనే ముందు ఈ నాలుగు చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఎందుకో అడగండి. ఆయిల్ మూత లోపల మలాయి రంగు ఉందేమో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత దాటిందేమో చూడండి. జాలీ ఉన్న బండి అయితే పొగ గొట్టంలో వేలు పెట్టి చూడండి. నల్లగా మసి అంటితే జాలీ పగిలిందో, తీసేశారో. నాలుగోది, స్కానర్ ఉన్న ఉస్తాద్‌కి చూపించండి. ఆ స్కానర్ పట్టుకున్నవాడు చాలాసార్లు పాత ఉస్తాద్ షాగిర్దే. పొగ చదివే కళ్లతో ఇప్పుడు కోడ్ నంబర్లు చదువుతున్నాడు. అతనికి ఇచ్చే ఫీజు దగ్గర బేరాలాడకండి.

పెద్ద బండి నిజంగా అవసరమేనా అని కూడా ఇంట్లో మష్వరా చేసుకోండి. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే ఇంటికి జాలీ డీజిల్ కన్నా పెట్రోలు బండి నయం. షాదీకి, ఉర్సుకి పెద్ద బండి కిరాయికి దొరుకుతుంది. కొన్నారంటే మాత్రం తొలి రోజే ఒక నోట్‌బుక్ తెరిచి, మొదటి వరసలో కిలోమీటర్లూ తారీఖూ రాయండి.