ఆయిల్ డిపోలో లీకేజీ: నిబంధనలు ఏం చెబుతున్నాయి, చుట్టుపక్కల కుటుంబాలకు ఏం తెలిసి ఉండాలి?

రాజస్థాన్‌లోని జైపూర్ శివారు సీతాపురా. 2009 అక్టోబర్ 29 సాయంత్రం. ఇండియన్ ఆయిల్ డిపోలో రోజూ జరిగే పనే జరుగుతోంది. పక్కనే ఉన్న మరో కంపెనీ డిపోకు పైపులైన్‌లో పెట్రోలు పంపడానికి సిబ్బంది వాల్వులు సిద్ధం చేస్తున్నారు. పైపు మీద ఉన్న ఒక వాల్వు పైభాగం ఇంకా తెరిచే ఉంది, అంతలోనే ట్యాంకు దగ్గర వాల్వు తెరుచుకుంది. పెట్రోలు ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. ఆవిరి పీల్చిన సిబ్బంది అక్కడే కూలిపోయారు. ఆపే దిక్కు లేక దాదాపు గంటా పావు పాటు పెట్రోలు పారుతూనే ఉంది. ఆ ఆవిరి మేఘంలా డిపో అంతా కమ్ముకుని ఒక్కసారిగా పేలింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో డిపోకు సంబంధం లేనివాళ్లు కూడా ఉన్నారు. మంటలు పది రోజులకు పైగా ఆరలేదు.

మన దేశంలో ఆయిల్ నిల్వల భద్రత గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ ఘటనే చెబుతారు. అక్కడ నిబంధనలు లేక ప్రమాదం జరగలేదు. ఉన్నవి పాటించలేదు, అంతే.

కట్ట ఎందుకు, దాని వాల్వు ఎందుకు?

పెద్ద ట్యాంకుల చుట్టూ మట్టితోనో కాంక్రీటుతోనో ఒక కట్ట ఉంటుంది. డిపోల్లో పనిచేసేవాళ్లు దీన్ని డైక్ అంటారు. ఆ కట్ట లోపల ఉన్న అన్నిటికన్నా పెద్ద ట్యాంకు మొత్తం ఖాళీ అయినా ఆయిల్ బయటికి పోకుండా పట్టేంత జాగా ఉండాలి. ఇది మూల సూత్రం. అడుగు నేల కూడా ఆయిల్‌ను పీల్చుకోకుండా గట్టిగా ఉండాలి, లేకపోతే అది బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది.

అయితే వాన పడితే ఆ కట్ట లోపల నీళ్లు నిలుస్తాయి. వాటిని వదలడానికి కట్ట బయట ఒక వాల్వు పెడతారు. అది ఎప్పుడూ మూసే ఉండాలి. వాన ఆగాక నీటి మీద ఆయిల్ తెట్టు ఉందో లేదో చూసి, మనిషి దగ్గర నిలబడి తెరిచి, పని కాగానే మూసేయాలి. జైపూర్‌లో ఆ వాల్వు తెరిచి ఉంది. కట్ట ఉండి కూడా లేనట్టే అయింది, పెట్రోలు వాన నీటి కాలువల్లోకి చేరింది. ఎంత పెద్ద డిపో అయినా తనిఖీకి వెళ్లినవాళ్లు మొదట చూడాల్సింది ఈ చిన్న వాల్వునే.

ఎం.బి.లాల్ అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ తర్వాత చాలా మార్పులు సూచించింది. ట్యాంకు వాల్వును కంట్రోల్ రూమ్ నుంచే మూసే ఏర్పాటు ఉండాలి. వాల్వు బటన్లు కట్ట బయట ఉండాలి, లీకు మధ్యలోకి మనిషి వెళ్లాల్సిన అవసరం రాకూడదు. ఆ రోజు ప్రాణాలు తీసిన పాత రకం వాల్వులు తీసేయాలి.

ఏ పని ఎవరిది?

పెట్రోలియం చట్టం 1934 నాటిది, దాని కింద ఇప్పుడు నడుస్తున్న రూల్స్ 2002 నాటివి. లైసెన్సు ఇచ్చేది పెసో, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. పెద్ద డిపోలకు సాంకేతిక ప్రమాణాలు రాసేది పెట్రోలియం శాఖ కింద 1986లో ఏర్పడిన ఓఐఎస్‌డీ. డిపో పెట్టే ముందు జిల్లా అధికారుల ఎన్‌ఓసీ కావాలి. నీళ్లు, నేల పాడైతే కాలుష్య నియంత్రణ మండలి వస్తుంది. సముద్రంలోకి ఆయిల్ పోతే కోస్ట్ గార్డ్ చూస్తుంది.

ప్రమాదకర రసాయనాల రూల్స్ (1989) బస్తీవాళ్లకు నేరుగా పనికొచ్చేవి. వాటి ప్రకారం పెద్ద నిల్వలున్న యాజమాన్యం ఎమర్జెన్సీ ప్లాన్ రాసిపెట్టుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. గేటు బయట ఏం చేయాలన్నది జిల్లా యంత్రాంగం ప్లాన్. ప్రమాదం జరిగితే ఎలాంటి ముప్పు ఉంటుందో, అప్పుడేం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పడం కూడా యాజమాన్యం బాధ్యతే. ఈ ఒక్క నిబంధన గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ. మస్జిద్ కమిటీ గానీ కాలనీ సంఘం గానీ డిపో మేనేజర్‌ను, కలెక్టర్ ఆఫీసును రాతపూర్వకంగా అడగవచ్చు: సైరన్ మోగితే ఎటు వెళ్లాలి, చివరి డ్రిల్ ఎప్పుడు జరిగింది?

విశాఖవాళ్లకు ఇది కొత్త మాట కాదు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకున్నప్పుడు సుమారు 60 మంది చనిపోయారు. ఇటీవల 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదలో చెన్నై మనలి ప్రాంతం రిఫైనరీ నుంచి ఆయిల్ బకింగ్‌హామ్ కాలువ గుండా ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. జాలర్ల పడవలు, వలలు నల్లగా మారాయి, వేట ఆగిపోయింది. అక్కడా సమస్య వాన నీటి దారే.

లీకు కనబడితే

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంబడి, కాలువల్లో, గుంతల్లో పాకుతుంది. అందుకే ఘాటు వాసన వస్తే బైకు స్టార్ట్ చేయకూడదు, స్విచ్ వేయకూడదు. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి దానికి అడ్డంగా నడుస్తూ లీకుకు దూరం కావాలి. ఆ తర్వాతే 112కో 101కో ఫోన్.

బకెట్లు పట్టుకుని ఆయిల్ నింపుకోవడానికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు, పిల్లల్ని పంపకూడదు. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ జిల్లాలో 2017 జూన్ 25న, ఈద్‌కు సరిగ్గా ముందు రోజు, బోల్తాపడిన ట్యాంకర్ దగ్గర పెట్రోలు పట్టుకుంటున్న జనం మీద మంటలు లేచాయి. 200 మందికి పైగా చనిపోయారు.

జనరేటర్ ఉన్న హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల సంగతి

డీజిల్ క్లాస్ బి కిందికి వస్తుంది. ఒక చోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క డబ్బాలోనూ 1,000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. దాటితే లైసెన్సు తప్పనిసరి. పెట్రోలుకు ఈ సడలింపు లేదు, దాని హద్దు చాలా చిన్నది. లైసెన్సు అక్కర్లేని డీజిల్ డ్రమ్ములైనా కింద ఒక ట్రే, పక్కన ఇసుక బకెట్లు పెట్టుకుంటే మంచిది. ఇక మెకానిక్ షెడ్లలో తీసిన పాత ఇంజిన్ ఆయిల్‌ను మోరీలో పోయడం నేరమే, అది ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. డ్రమ్ములో మూతపెట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అమ్మి రసీదు దాచుకోవాలి.